మా వదిన బొంతల బడి

పోయిన మంగళవారం పొద్దున కృష్ణగిరిలో మా ఇంట్లో స్టవ్ మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. హోసూరు నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన లేదు. వచ్చేయ్" అని పెట్టేశాడు. మా అన్న ఎప్పుడూ అంతే, నాలుగు మాటలు చెప్పాల్సిన చోట రెండే చెబుతాడు. మళ్లీ నేనే చేస్తే మేనకోడలు ఎత్తింది. తెల్లవారుజామున గుండెలో నొప్పి అందట, ఆటో వచ్చేలోపే అయిపోయిందట. పాలు పొంగి పొర్లాయి. స్టవ్ ఆపేసి, కట్టుకున్న చీరతోనే బస్టాండుకు వచ్చేశాను.

బస్సులో శూలగిరి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వయసులో నాకంటే చిన్నది. వరసకి పెద్దదని ఇన్నేళ్లూ నా చేత "వదినా, వదినా" అనిపించుకుంది. పోవడంలో కూడా తనే ముందు పోవాలా? పక్క సీటులో ఆమె "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది చూడండి, అప్పుడు వచ్చింది ఏడుపు. ముక్కూమొహం తెలియని ఆ తల్లి హోసూరు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

మా వదిన మహా గొప్ప మనిషి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అట్లా ఎవరైనా అంటే ముందు ఆమే నవ్వేది. నేను ఆడబిడ్డను, ఆడబిడ్డ అన్నాక ఓ మాట ఎక్కువే అంటుంది. ఆమె కూడా తక్కువ తిన్న మనిషి కాదు, అన్న మాటకు బదులు ఇచ్చేదాకా నిద్రపోయేది కాదు. ముప్పై ఏళ్లకు దగ్గర దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం, ఎక్కువసార్లు ఒకటే విషయం మీద. ఆ పోట్లాట గురించే మీకు చెప్పాలని ఉంది.

మా వదినది అంచెట్టి వైపు అడివి పల్లె. మా అన్నకు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికిన ఏడాది పెళ్లయింది. సారెతో పాటు ఒక ట్రంకుపెట్టె నిండా బొంతలు తెచ్చుకుంది. పాత చీరలు నాలుగైదు వరసలు పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, చేత్తో దగ్గర దగ్గరగా దారం వేసి కుట్టిన బొంతలు. మిషన్ పని కాదు. నలుగురు ఆడవాళ్లు నాలుగు వైపులా కూర్చుని అంచుల నుంచి మొదలుపెడతారు, కుట్టుకుంటూ కుట్టుకుంటూ నడిమికి వస్తారు. మొదటి రోజు అంత దూరంగా కూర్చున్నవాళ్లు ఆఖరికి మోకాళ్లు తగిలేటంత దగ్గరకు వచ్చేస్తారు. వాళ్లమ్మ కుట్టేది, వాళ్లవ్వ కుట్టేది, ఈమె కూడా కుట్టింది. తళి రోడ్డులో అన్నవాళ్లు కట్టుకున్న ఇల్లు మార్గశిరంలో చలికి వణికిపోయే చోటు. ఇరుగుపొరుగు వాళ్లు ఒక్కొక్కరే పాత చీరలు తెచ్చి "మాకొకటి కుట్టియ్యమ్మా" అన్నారు. అట్లా మొదలైన పని, రెండు మూడేళ్లకు ఇంటి పక్కన రేకుల షెడ్డు అయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు.

షెడ్డుకూ ఇంటికీ మధ్య గోడ ఉండేది గానీ ఆమె మనసులో ఆ గోడ లేదు. కుక్కర్ పెట్టి వచ్చి కుట్టుకు కూర్చునేది. "కూత వినబడితే ఎవరన్నా లేయండమ్మా" అని అందరికీ చెప్పేది, అందరికీ చెప్పింది కాబట్టి ఎవరూ లేచేవాళ్లు కాదు. మా అన్న తిన్నంత మాడిన అన్నం హోసూరులో ఇంకో మగవాడు తిని ఉండడు. సూది ఎప్పుడూ రవిక భుజానికే గుచ్చి ఉండేది. లేకుంటే చాప మీదో, కుర్చీ మీదో ఉండేది. మా అన్న మా ఇంటికి వచ్చినా కుర్చీని చేత్తో తడిమి గానీ కూర్చునేవాడు కాదు.

ఇక మా పోట్లాట సంగతి. కృష్ణగిరికి మారకముందు నేను హోసూరులోనే, తమిళనాడు సర్కారు వాళ్ల తెలుగు మీడియం బడిలో టీచరుగా ఉండేదాన్ని. మా బడికి పిల్లలు తగ్గిపోతూ ఉండేవాళ్లు. జూన్ వచ్చిందంటే వీధి వీధీ తిరిగి, గడప గడపకీ పోయి "పిల్లోళ్లని పంపించండమ్మా" అని గడ్డం పట్టుకుని బతిమాలేవాళ్లం. మా అన్న మాత్రం కూతుర్ని ఇంగ్లీషు మీడియంలో వేశాడు. సరే, వాళ్లిష్టం అనుకున్నాను. రెండో క్లాసులో ఆ పిల్ల తోటిపిల్లతో తెలుగులో మాట్లాడిందని ఎండలో నిలబెట్టారు. ఏడ్చింది. ఏడుస్తూ "అమ్మా" అన్నందుకు ఇంకాసేపు నిలబెట్టారు. మరుసటి రోజు మా వదిన ఆ బడికి పోయి, పిల్ల సంచీ తీసుకుని, పిల్లను తీసుకుని వచ్చేసింది. "ఏడ్చేది కూడా ఇంగ్లీషులో ఏడవాలంటే నా పిల్ల వల్ల కాదు" అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఇంకే బడికీ పంపనని భీష్మించుకుంది. వెనక పుట్టిన మేనల్లుణ్ని అసలు బడి ముఖమే చూపించలేదు. పిల్లలు తన పక్కన, తన పని పక్కన పెరగాలి. ఆమె పంతం అదొక్కటే.

నా మొహం ఎక్కడ పెట్టుకోను చెప్పండి! ఊరందరి పిల్లల్నీ పిలిచే టీచరమ్మ సొంత మేనకోడలు, మేనల్లుడు బొంతల మీద దొర్లుతూ ఉన్నారు. మా హెడ్మాస్టరు "ఏమ్మా, ముందు మీ ఇంటి గడప తొక్కి రా" అని నవ్వేవాడు. నేను ఆదివారం ఆదివారం పోయి గొడవపడేదాన్ని.

"ఏమ్మా టీచరమ్మా, అరిచింది చాలు, కాఫీ తాగు" అనేది వదిన. "మా చేతులకు పని ఉండాది, చెవులకు లేదు. పిల్లోళ్లు చదివితే మేం వింటాం. మేం వింటాం కాబట్టి వాళ్లు చదవతారు. ఇంతకంటే ఇంగేం కావల?"

అదే ఆమె బడి. ఆడవాళ్లు కుడుతూ ఉంటే పిల్లలిద్దరూ మార్చి మార్చి గట్టిగా చదవాలి. మా బడి లైబ్రరీ నుంచి కథల పుస్తకాలు నేనే తెచ్చిచ్చేదాన్ని, తిట్టుకుంటూనే. తెలుగు పేపరు, తమిళ పేపరు, కన్నడలో వచ్చిన పెళ్లిపత్రికలు, ఏది దొరికితే అది. ఒకసారి మేనకోడలు ఒక రాజు వేటకు పోయిన కథ చదువుతోంది. తళి దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక అవ్వ సూది ఆపి, "ఏ కాలంలో పోయినాడమ్మా?" అంది.

"పుస్తకంలో రాయలేదవ్వా."

"కోతలప్పుడే పోయింటాడు, పనీపాటా లేనోడు. ఆ గుర్రాలన్నీ యాడ తొక్కుకుంటా పోయినాయి? రాగి చేలల్లోనే కదా?"

"అది కూడా రాయలేదు."

"రాయకపోతే నువ్వు చెప్పు మా. చదివినదానివి నువ్వు కదా!"

ఆ పిల్ల పుస్తకం మూసి, గుర్రాలు తొక్కేసిన చేను ఎవరిదో, ఆ మనిషి రాజు దగ్గరకు పోయి ఏమన్నాడో, సొంతంగా కథ అల్లి చెప్పింది. సూదులన్నీ ఆగిపోయాయి. కుక్కర్ కూతలు ఎవరికీ వినబడలేదు. ఆ రాత్రి కూడా మా అన్నకు మాడిన అన్నమే. నేను పైకి ఒప్పుకోలేదు గానీ, ఆ వేళ నాకు భలే సంతోషం వేసింది.

అట్లాగని అంతా బంగారం అనుకోకండి. పెద్ద పని వచ్చిందంటే చదువు వారాల తరబడి అటకెక్కేది. పిల్లలు కూడా సూదులు పట్టేవాళ్లు. మూడు పూటలా ఉప్మా. వదిన గొంతు వీధి చివరిదాకా వినిపించేది. మేనకోడలికి మూడు భాషల్లో బేరమాడడం వచ్చు, భిన్నాలు మాత్రం రావు. "సగంలో సగం ఎంతే?" అంటే "ఏ గుడ్డలో అత్తా?" అనేది. నేను తల కొట్టుకుని పలకా బలపం తీసేదాన్ని. మా అన్న అన్నీ చూస్తూ, ఏమీ అనకుండా, లోపల్లోపల పేర్చుకుంటూ వచ్చాడు.

ఆ పేర్చుకున్నదంతా ఒక వేసవిలో బయటపడింది.

బెంగళూరులో అంగడి నడిపే ఒక అమ్మగారు కారులో వచ్చి బొంతలు చూసి మురిసిపోయింది. మంచి మనిషే, ఆమెను అనడానికి లేదు. చంటిపిల్లలకు చిన్న బొంతలు కావాలంది. లోపలా బయటా అంతా కొత్త గుడ్డే ఉండాలని, తెల్లటి తానులు తనే పంపించింది. అంత పెద్ద పని షెడ్డుకు అంతకు ముందెప్పుడూ రాలేదు. ఆడవాళ్లు ఆదివారం కూడా వచ్చి కుట్టారు. బొంతలు ఎంత అందంగా వచ్చాయంటే, ఒకటి నేనే అడుక్కుందామనుకున్నాను. మూటలు కట్టి పంపించారు.

కొన్నాళ్లకు అవే మూటలు వెనక్కి వచ్చాయి. ఆ అమ్మగారు కూడా వచ్చింది. ఒక బొంత తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తెల్లటి గుడ్డ లోపల ఒక మూల అరచేయంత ఎర్రటి నీడ కనిపించింది. ఇంకోదానిలో పచ్చగా. ఇంకోదానిలో ఊదాగా. ప్రతిదాంట్లోనూ ఉంది.

"పాత గుడ్డ పెట్టి కుట్టినారు కదా? ఇది మోసం కాదా?" అంది.

మా వదిన నిజంగా ఆశ్చర్యపోయింది. "మోసం ఏముందమ్మా? మీ గుడ్డ మిగిలింది, మడిచి పెట్టిండాను, తీసుకోండి. పసిబిడ్డ కింద ఉత్త కొత్త గుడ్డ ఎట్లా ఏస్తాం? పుట్టినబిడ్డకు మొదట కట్టి విడిచిన చీర కదా చుట్టేది! పెద్దోళ్లు కట్టి అరగదీసిన గుడ్డ ఒక ముక్కన్నా తగలకపోతే బిడ్డకు ఆగుతుందా, ఒంటికి పడుతుందా?"

రాజు కథలో ప్రశ్నలు వేసిన ఆ అవ్వ కూడా అంది, "మంచి చీరల్లోనే చించినామమ్మా. బాగా బతికినోళ్ల చీరలు."

తమలో తాము మాట్లాడుకోవాల్సిన అవసరం కూడా వాళ్లకు రాలేదు. ఎవరికి వాళ్లు ఇంటి నుంచి ముక్క తెచ్చి పెట్టారు, కూరలో ఉప్పు వేసినట్టు. ఆ అమ్మగారికి అది అర్థం కాలేదు, అర్థం అయ్యే దారీ లేదు. ఆమె అంగడికి వచ్చేవాళ్లకు పాత గుడ్డ అంటే పాత గుడ్డే. మూటలు దింపి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా అన్న నోరు తెరిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. "ఇంగ చాలు" అన్నాడు. "ఇన్నేళ్లు చూసినాను. షెడ్డు మూసేయ్. జూన్‌లో పిల్లోళ్లిద్దర్నీ బడికి ఏస్తాను. ఊరి మాట కాదు, రేపు వాళ్లు ఏం చేసి బతకాల?" నేను మా అన్న వైపే మాట్లాడాను. టీచర్ని, ఇంకెట్లా మాట్లాడతాను? పెద్దదాన్ని ప్రైవేటుగా పదో క్లాసుకు కట్టిద్దాం, చిన్నోణ్ని నా బడిలో వేసుకుంటా అన్నాను.

వదిన మూటల మధ్య నిలబడి ఉంది. కళ్లల్లో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. "బొంతలు ఎనక్కి వస్తే నా బొంతల తప్పు. నా పిల్లోళ్లది ఏం తప్పు?" అంది. "వాళ్లనే అడగండి. నా పక్కన ఉంటారో, మీ బడికి పోతారో, వాళ్ల నోటితోనే చెప్పనీ." వాళ్లేమంటారో ఆమెకు అనుమానమే లేదు. నాకూ లేదు.

మేనకోడలు వెంటనే "నేను యాడికీ పోను. అమ్మ దగ్గరే ఉంటా" అంది.

మేనల్లుడికి అప్పుడు పదేళ్లు. గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. "నేను పోతా మా" అన్నాడు. "నాకు బడి కావల."

వదిన మెల్లగా, "ఎందుకురా? ఈడ ఏం తక్కువ?" అంది.

"ఈడ అందరూ అమ్మలే మా" అన్నాడు వాడు. "నాతో ఆడేదానికి ఒక్కరూ లేరు."

అంతే అన్నాడు. మా అన్న తల దించుకున్నాడు. రోజూ సాయంత్రం వాడు గేటు దగ్గర నిలబడి బడి వదిలిన పిల్లల్ని చూసేవాడు. మేమందరం బస్సులు చూస్తున్నాడని అనుకున్నాం. నేను గెలిచాను కదా, సంబరం రావాలి. ఒట్టు, రాలేదు. వదిన మూలనున్న సగం బొంత లాక్కుని కూర్చుని చీకటి పడేదాకా కుడుతూనే ఉంది. మా అన్నే అన్నం వండాడు. మాడలేదు.

మరునాడు పొద్దున్నే నా ఇంటికి వచ్చింది. లోపలికి రాకుండానే, "మీ బడిలో సీటు ఉండాదా టీచరమ్మా?" అంది.

"సీటా! మా బడిలో ఉన్నవన్నీ సీట్లే వదినా, పిల్లోళ్లే లేరు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఒక మాట చెప్పింది. "పిల్ల పోను అనినప్పుడు దాని మాట ఇన్నాను. పిల్లోడు పోతా అంటే వాని మాటా ఇనాల కదా. నాకు నచ్చిన మాటే ఇంటానంటే అది ఇనడం కాదు." ఆ మాట నేను ఆ తర్వాత ఎందరో తల్లిదండ్రులకు చెప్పాను. ఎవరు అన్నారో చెప్పకుండా నా మాటలాగే చెప్పుకున్నాను, ఆమెకు తెలిస్తే ఊరుకునేది కాదు.

వెనక్కి వచ్చిన బొంతలను ఏం చేసిందనుకున్నారు? ఆటోలో వేసుకుని సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయింది. కాన్పుల వార్డులో మంచం మంచానికీ పోయి ఒక్కొక్కటి ఇచ్చింది. నేనూ వెంట పోయాను. అంచెట్టి వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె బొంతను చేత్తో తడుముతూ పోయి, ఆ మూల దగ్గర వేళ్లు ఆపింది. వదిన వైపు చూసి, "పెట్టినారా? అట్లుండల్ల" అంది. ఆ బొంతలు ఎక్కడివో కనుక్కుని, కొన్ని నెలలకు షెడ్డుకు మనుషులు రావడం మొదలుపెట్టారు. వాళ్ల వాళ్ల అవ్వల చీరలు, తాతల పంచెలు తెచ్చి, ఇది పెట్టి కుట్టమ్మా అనేవాళ్లు. కొత్తగుడ్డ వాళ్లే కొనిచ్చేవాళ్లు. షెడ్డు మూతపడలేదు. పిల్లల బొంతలే తర్వాత వాళ్ల ముఖ్యమైన పని అయింది. మా అన్న కూడా రిటైరయ్యాక మూటలు కట్టేవాడు, ముందు తడిమి చూసుకుని.

మేనకోడలు ప్రైవేటుగా పదో క్లాసు రాసింది. లెక్కల్లో తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. షెడ్డు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. మేనల్లుడు ఐటీఐ చదివి ఫ్యాక్టరీలో ఉన్నాడు. వాడికి ఇప్పుడు హోసూరు నిండా స్నేహితులే. మొన్న వాళ్లమ్మను తీసుకుపోయిన రోజు తళి రోడ్డు పొడుగునా వాడి స్నేహితుల మోటార్ సైకిళ్లే. సాయానికి మనిషి కావాలని మేం ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది.

ఆమె గురించి తలుచుకుంటే ఈ వారమంతా నాకు వాడు బడిలో చేరిన పొద్దునే కళ్లముందు తిరుగుతోంది. సన్నగా తుంపర పడుతోంది. తలకు నూనె పెట్టి పక్కపాపిడి తీసి, చెయ్యి పట్టుకుని తనే తీసుకొచ్చింది. వాడి భుజానికి చేత్తో కుట్టిన ఖాకీ సంచి. దాని మీద ఒక్క రంగు ముక్క లేదు. "అందరికీ ఉండేలాంటిదే కావల" అన్నాడట. జీవితంలో ఆమె కుట్టిన సాదా వస్తువు అదొక్కటే అయి ఉంటుంది.

వాడు లోపలికి వచ్చి "అత్తా, యాడ కూచోవాల?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. "ఈడ టీచర్ అనాల రా" అని రెండో వరసలో కూర్చోబెట్టాను. తిరిగి చూస్తే వదిన ఇంటికి పోలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, తన సంచిలోంచి చంటిపిల్లల బొంత ఒకటి తీసి ఒడిలో పరుచుకుంది.

"ఏంది వదినా ఇది?" అన్నాను.

"వానికి అలవాటయ్యేదాకా ఉంటా. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా."

హెడ్మాస్టరు అటు వచ్చాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "చేరింది పిల్లోడా, తల్లా?" అని నవ్వుకుంటూ పోయాడు.

మేనల్లుణ్ని లేపి పాఠం చదవమన్నాను. వాడు షెడ్డులో అలవాటైనట్టే గొంతెత్తి, రేకుల మీద వాన మోతలోనూ పదిమందికి వినబడేటట్టు చదివాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. "మెల్లగా చదువు నాయనా, అందరం దగ్గరే ఉన్నాం" అన్నాను. వాడు గొంతు తగ్గించాడు. బయట వదిన తల వంచి, చెవి ఇటు పెట్టి వింది. ఇంకాసేపటికి వాడి గొంతు మిగిలిన పిల్లల గొంతుల్లో కలిసిపోయింది, నాకే ఏది వాడిదో తెలియలేదు.

ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలు గుంపుగా బయటకు ఉరికారు. వాడి భుజం మీద ఎవడో పిల్లోడి చెయ్యి. ఇద్దరూ నవ్వుకుంటూ వరండా మీదుగా పరుగెత్తి, వదిన ఒడిలోంచి నేల మీదికి జారిన బొంత అంచును ఒక్క గెంతులో దాటి మైదానంలోకి పోయారు. వాడు వాళ్లమ్మను చూడలేదు.

నేను గబగబా బయటకు వచ్చాను. "తొందరలో చూసుకోలేదు వదినా, పిలుస్తా ఉండు" అన్నాను.

"వద్దులే మా" అంది. "చూసింటే నిలిచిపోయుండును. చూడకపోవడమే మంచిదాయె."

కాసేపు మైదానం వైపు చూసింది. వాడు ఎక్కడున్నాడో వెతకలేదు, ఊరికే అందరినీ చూసింది. దారం కొరికింది. బొంత మడిచి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది, తడవకుండా దాని మీద కొంగు కప్పింది. గేటు దగ్గర ఒక్కసారన్నా వెనక్కి చూస్తుందేమోనని నేను వరండాలోనే నిలబడ్డాను. చూడలేదు. తుంపరలో తళి రోడ్డు వైపు విసవిసా నడిచిపోయింది.